మస్తకి వృక్షం, గుగ్గిలం చెట్టు: బొయిపరిగుడ నుంచి ఒక ప్రశ్న

అనువాద పాఠాలకు మేము తరచు బైబిలు పాత నిబంధనను వాడుతూ ఉంటాం. అందుకు మతపరమైన కారణం ఏమీ లేదు. ఒకే మూలానికి తెలుగులో, ఒడియాలో, హిందీలో, ఇంగ్లీషులో అచ్చయిన ప్రతులు సులువుగా దొరుకుతాయి కనుక, తెలుగు గడ్డకు బయట చదువుకునే మన విద్యార్థులకు మాటలు పోల్చి చూడడానికి అంతకంటే చౌకైన సాధనం లేదు. అలా ఒకనాడు యెషయా గ్రంథం ఆరవ అధ్యాయం చివరి వచనం తీసుకున్నాం. చెట్టును నరికివేసిన తరువాత మిగిలే మోడును గురించిన పోలిక అందులో ఉంది. తెలుగు ప్రతిలో అక్కడ రెండు చెట్ల పేర్లు వస్తాయి: సింధూరం, మస్తకి.

బొయిపరిగుడ నుంచి వచ్చిన ఒక విద్యార్థిని లేచి, "మస్తకి అంటే ఏ చెట్టు సార్?" అని అడిగింది. పశ్చిమాసియాలో పెరిగే చెట్టనీ, మన దేశంలో లేదనీ చెప్పాం. "నరికినా మోడు నుంచి మళ్ళీ చిగురు వేసే చెట్టు మా ఊరి దగ్గర సర్గి. అదే రాస్తే కాదా?" అంది. సర్గి కొరాపుటు దేశియా మాట, తెలుగు కాదన్నాం. "మా అమ్మమ్మ తెలుగులో దాన్ని గుగ్గిలం చెట్టంటుంది" అంది. అప్పుడు మేము, భాషాశాస్త్రంలో పట్టా ఉన్నదన్న ధీమాతో, గుగ్గులు అనేది రాజస్థాన్, గుజరాత్ ఎడారి భూముల్లో పెరిగే ముళ్ళపొద నుంచి వస్తుందనీ, అమ్మమ్మగారు ఏదో పొరబడి ఉంటారనీ చెప్పి పాఠం ముందుకు నడిపించాం.

పొరబడింది అమ్మమ్మగారు కాదు, మేము. ఆ అప్పు తీర్చుకోవడానికే ఈ వ్యాసం.

ముందు మస్తకి సంగతి. హీబ్రూలో ఆ చెట్టు పేరు ఏలా. దావీదు గొల్యాతును కొట్టిన చోటు ఏలా లోయ. ఆ లోయ పేరులో ఉన్నది ఈ చెట్టే. ఇంగ్లీషులో టెరెబింత్ అంటారు. అది గ్రీకు మాట నుంచి వచ్చింది. వృక్షశాస్త్రజ్ఞులు దీన్ని పిస్టేషియా ప్రజాతిలో చేర్చారు. అంటే పిస్తాపప్పు చెట్టుకు తోబుట్టువు, మన మామిడికీ, జీడిమామిడికీ దూరపు చుట్టం. మధ్యధరా సముద్రం చుట్టూ రాతి నేలల్లో పెరుగుతుంది. ఎండకు ఓర్చుకుంటుంది, చాలాకాలం బతుకుతుంది, నరికితే మోడు నుంచి చిగురిస్తుంది. కాయ తింటారు, నూనె తీస్తారు. టర్కీలో కాయలు వేయించి కాఫీలాంటి పానీయం చేసుకుంటారు. ఆకులమీద కట్టే బుడిపెలు తోళ్ళు పదును పెట్టడానికీ, రంగుకూ పనికివస్తాయి. అన్నిటికంటె విలువైనది బెరడుకు గాటు పెడితే కారే జిగురు. ఇరాన్‌లోని హాజీ ఫిరూజ్ దిబ్బలో దొరికిన, క్రీ.పూ. 5400-5000 నాటి జాడీలో ద్రాక్షసారాయితో పాటు ఈ జిగురు ఆనవాళ్ళు కనిపించాయి. సారాయి పులిసి పాడవకుండా కలిపేవారని పండితుల ఊహ. టర్కీ దక్షిణ తీరాన ఉలుబురున్ దగ్గర మునిగిన క్రీ.పూ. 14వ శతాబ్ది చివరి నాటి ఓడను 1984 నుంచి 1994 వరకు తవ్వితీశారు. అందులో 150 దాకా కనాను జాడీలు ఉంటే, ఎక్కువ వాటిలో ఉన్న సరుకు ఈ జిగురే.

ఈ చెట్టును అనువదించడం ఎవరికీ సులువు కాలేదు. 1611 నాటి ఇంగ్లీషు అనువాదకులు ఒకచోట ఓక్ అన్నారు, హోషేయలో ఎల్మ్ అన్నారు, మనం చెప్పుకుంటున్న యెషయా వచనంలో టీల్ అన్నారు. ఈ మూడూ వాళ్ళ దేశపు చెట్లే. తమ ఊరి చెట్టును పెట్టుకున్నారన్నమాట. మా విద్యార్థిని అడిగిందీ అదే.

తెలుగు అనువాదకులు అలా చేయలేదు. లండన్ మిషనరీ సొసైటీ వారు 1805లో విశాఖపట్నం చేరారు. వారిలో డెగ్రాంజెస్ అనే ఆయన చేసిన మూడు సువార్తల తెలుగు అనువాదం, ఆయన పోయిన తరువాత, 1812లో శ్రీరాంపురంలో అచ్చయింది. పాత నిబంధన పూర్తిగా తెలుగులోకి రావడానికి ఇంకా దశాబ్దాలు పట్టింది. ఏలాకు మస్తకి అని పేరు పెట్టిన చేయి ఎవరిదైనా, ఆ మాట ఎక్కడిదో మాత్రం స్పష్టమే. అది యునానీ వైద్యుల మాట. అరబీ, పారశీక భాషల మీదుగా మనకు వచ్చింది. దాని వెనక గ్రీకు ఉంది, నమలడమనే అర్థంతో. మస్తకి, లేదా మస్తగి, అంటే గ్రీసు దేశపు ఖియోస్ దీవి నుంచి వచ్చే పసుపు తెలుపు జిగురు గింజలు. హకీముల మందుల పెట్టెలో ఉండే సరుకు. ఇది పిస్టేషియా ప్రజాతిలోనే మరో చెట్టు జిగురు. అంటే మన అనువాదకులకు చెట్టు తెలియదు, సరుకు తెలుసు. సరుకు పేరుకు వృక్షం చేర్చి చెట్టును తయారుచేశారు. దాన్ని తప్పనడానికి మాకు నోరు రాదు. చుట్టరికం సరిగ్గానే పట్టుకున్నారు.

ఆలోచిస్తే పిస్టేషియా చెట్లు తెలుగు నేలమీద మొలవకపోయినా, వాటి సరుకులు మూడు మన అంగళ్ళలో ఎప్పటినుంచో ఉన్నాయి: మిఠాయిమీద పిస్తా, హకీము దగ్గర మస్తగి, ఆయుర్వేద కొట్టులో కర్కాటకశృంగి. ఈ మూడవది వాయవ్య హిమాలయాల్లో పెరిగే పిస్టేషియా ఆకులపై పురుగు కట్టించే కొమ్ములాంటి బుడిపె, దగ్గుకు వాడతారు. మూడూ ఒకే ఇంటివని కొనేవాడికీ తెలియదు, అమ్మేవాడికీ తెలియదు. సరుకు ప్రయాణం చేస్తుంది, చెట్టు చేయదు. పేరు సరుకుతో పోతుంది. పెయింటు కొట్లో సీసాతో అమ్మే టర్పెంటైన్‌లో ఉన్నది టెరెబింత్ పేరే. ఒకప్పుడు ఆ చెట్టు జిగురుకే ఆ పేరు. తరువాత దేవదారు జాతి చెట్ల నూనె చౌకగా దొరకడంతో పేరు దానికి అంటుకుంది. ఇప్పుడు ఆ సీసాలో టెరెబింత్ చుక్క కూడా ఉండదు.

మన గుగ్గిలానికి జరిగింది సరిగ్గా ఇదే.

సంస్కృతంలో గుగ్గులు చాలా పాత మాట, అథర్వవేదంలోనే ఉంది. అది మేము తరగతిలో చెప్పిన ముళ్ళపొద జిగురే, సందేహం లేదు. కాని ఆ పొద పెరిగే చోట్లు తెలుగు నేలకు చాలా దూరం. ధూపం మాత్రం ప్రతి గుడికీ, ప్రతి ఇంటికీ కావాలి. తూర్పు కనుమల అడవుల్లో అంతకంటె దగ్గరలో, అంతకంటె చౌకగా దొరికే మరో సువాసన జిగురు ఉంది: సాలవృక్షపు జిగురు. గుగ్గులు అనే పేరు తెలుగులో గుగ్గిలమై దానిమీదకి వచ్చి కూర్చుంది. తమిళంలో కుంగిలియం కథ కూడా ఇలాంటిదే. తెలుగు విద్యార్థులు ఇక్కడ ఒక సంగతి గమనించాలి. పేరు ఇలా చేతులు మారిన తరువాత అసలు గుగ్గులును ఏమని పిలవాలన్న ఇబ్బంది వచ్చింది. అందుకే మన పచారీ కొట్లలో దానికి వేరే పేరు స్థిరపడింది: మహిసాక్షి. మహిషాక్షం అన్నది గుగ్గులులో ఒక రకానికి వైద్యగ్రంథాలు ఇచ్చిన పేరు. దున్నపోతు కంటి రంగుదని అర్థం. గుగ్గిలమూ, మహిసాక్షీ ఒకే కొట్లో పక్కపక్క డబ్బాల్లో ఉంటాయంటే, తెలుగువాడు ఈ రెంటినీ కలగలిపేశాడని అనలేం. విడదీసే పెట్టుకున్నాడు, పేర్లు మాత్రం ఒక గడి పక్కకు జరిపాడు. నిఘంటువు చూసి తీర్పు చెప్పిన మాకు ఈ డబ్బాలు గుర్తుకు రాలేదు.

గుగ్గిలానికి తెలుగువారి జీవితంలో ఎన్ని పనులో! సాయంకాలం దీపం పెట్టాక నిప్పులమీద చిటికెడు వేస్తే ఇల్లంతా పొగ. నెయ్యితో నూరి చేసిన గుగ్గిలం మలాం కాలిన పుండుకూ, సెగగడ్డకూ పెద్దవాళ్ళు రాసేవారు. కంసాలి నగకు చెక్కుడు పని చేసేటప్పుడు లోహం కదలకుండా పట్టి ఉంచే ముద్దలో రాళ ఉంటుంది. రాళ అన్నది ఈ జాతి జిగుర్లకు సంస్కృతం ఇచ్చిన పేరు, అమరకోశంలో సర్జరసం పక్కనే కనిపిస్తుంది. కోస్తాలో పడవలు కట్టేవారు నూనెలో గుగ్గిలం కాచి చెక్కల సందుల్లో పట్టించేవారు. ఉలుబురున్ ఓడ మోసిన జిగురుకూ, మన పడవను మోయించిన జిగురుకూ చెట్లు వేరు. పని చూస్తే ఒక వంశమే అనిపిస్తుంది.

శైవ సాహిత్యం చదివినవారికి గుగ్గిలం నాయనారు కథ తెలిసే ఉంటుంది. 12వ శతాబ్దిలో సేక్కిళార్ రచించిన పెరియపురాణం ఆయన్ను కుంగిలియ కలయ నాయనారు అంటుంది. ఊరు తిరుక్కడయూరు, వ్రతం గుడిలో ధూపం వేయడం. సంపద అంతా అందులోనే కరిగిపోయింది. పిల్లలు ఆకలితో ఉంటే భార్య మెడలోని తాళి తీసి ఇచ్చి బియ్యం తెమ్మంది. దారిలో గుగ్గిలం మూటతో వ్యాపారి ఎదురయ్యాడు. తాళి ఇచ్చి మూట తీసుకుని నాయనారు గుడికి పోయాడు. భక్తి సంగతి భక్తులు చూసుకుంటారు. మాకు ఆ కథలో కనిపించేది ఆ వ్యాపారి. గుగ్గిలం దక్షిణాదిన మూటలు కట్టి దారివెంట అమ్మే సరుకనీ, ఒక తాళి ఖరీదు చేసేదనీ పురాణకారుడికి తెలుసు. ఆ మూటలోని గుగ్గిలాన్ని ఏ చెట్టుకు గాటు పెట్టి తీశారు, ఎవరు తీశారు అన్నది కథకు అవసరం లేదు. ధూపం వేసేవాడికీ గాటు పెట్టేవాడికీ మధ్య ఎప్పుడూ ఒక వ్యాపారి ఉంటాడు. సరుకుకు పేరు పెట్టేదీ అతడే.

ఇక చెట్టు పేరు. సాలం అన్న సంస్కృతపు మాట తెలుగులో ఉంది గాని, చెట్టును చూపించమంటే కోస్తా తెలుగువాడు తడబడతాడు. ఇందుకు నేలే కారణం. సాలవృక్షం హిమాలయాల పాదం నుంచి ఛోటానాగపూర్, బస్తరు, కొరాపుటు దాకా అడవులు అడవులుగా ఉండి, ఉత్తరాంధ్ర కొండల్లోకి వచ్చేసరికి పలచబడి ఆగిపోతుంది. గోదావరికి దిగువన ఉన్నవారికి అది పుస్తకంలో చెట్టు. కిష్కింధలో రాముడు ఒక్క బాణంతో భేదించినవి వాల్మీకి రామాయణంలో ఏడు సాలవృక్షాలు. మన ఇళ్ళల్లో చెప్పే కథలో అవి మద్దిచెట్లు, కొందరు తాటిచెట్లంటారు. తాము ఎరిగిన నిటారు చెట్టును నిలబెట్టుకున్నారు. ఇంగ్లీషువారు ఏలాను ఎల్మ్ చేసిన దారే ఇది. సాలభంజిక అన్న మాట చూడండి. సాలపు కొమ్మను వంచి పూలు తుంచే స్త్రీ అని దాని అర్థం. బుద్ధుని తల్లి మాయాదేవి కొమ్మ పట్టుకుని నిలబడిన శిల్పాలు ఆ భంగిమవే; బుద్ధుడు కుశీనగరంలో కన్నుమూసిందీ రెండు సాలవృక్షాల నడుమే. తెలుగు పిల్లలకు మాత్రం సాలభంజిక అంటే విక్రమార్కుడి సింహాసనం మెట్టు మీద కథ చెప్పే బొమ్మ. మాటలో చెట్టు ఉన్నా ఎవరికీ కనిపించదు.

అదే చెట్టు బొయిపరిగుడలో పెరటి అవతల ఉంటుంది.

జయపురం నుంచి మల్కనగిరికి పోయే దారిలో ఉంది బొయిపరిగుడ. ఆ బ్లాకులోనే, రామగిరి దాటి అడవిలోకి పోతే శబరి ఒడ్డున గుప్తేశ్వరం గుహ. కొరాపుటులో కొలాబు అనిపించుకునే ఆ నది, అటు ఛత్తీస్‌గఢ్‌కూ ఇటు ఒడిశాకూ సరిహద్దుగా పారి, శబరిగా కూనవరం దగ్గర గోదావరిలో కలుస్తుంది. గుప్తేశ్వరం గుడిని ఆనుకున్న అడవిలో సుమారు 350 హెక్టార్లను ఒడిశా ప్రభుత్వం 2024లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించింది. శివరాత్రికి తెలుగు జిల్లాల నుంచి కూడా అక్కడికి వస్తారు. వచ్చినవారు గుహలో ధూపం వాసన పీల్చి, దారి పొడుగునా ఆ ధూపపు చెట్ల నీడలోనే నడిచి, తెలియక తిరిగిపోతారు.

ఈ ప్రాంతం భాషల కూడలి. దురువాలు మాట్లాడే పర్జీ ద్రావిడ భాష. దాని మీద బరో, భట్టాచార్య రాసిన పుస్తకం 1953లో వచ్చింది, ద్రావిడ భాషాశాస్త్రం చదివేవారికి నేటికీ తప్పనిది. గదబల్లో గుతోబ్ మాట్లాడేవారిది ముండా కుటుంబం. సంతలో అందరినీ కలిపేది దేశియా, ఆర్య భాష. వీటి నడుమ రెండు మూడు తరాలుగా, కొన్నిచోట్ల అంతకంటె ముందునుంచీ, తెలుగు కుటుంబాలు వ్యాపారానికీ ఉద్యోగానికీ వచ్చి నిలిచాయి. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేదాకా ఈ సీమ మద్రాసు రాజధానిలో, విశాఖపట్నం జిల్లాలో భాగం. జయపురం సంస్థానాధీశుడు విక్రమదేవ వర్మ తెలుగులోనూ ఒడియాలోనూ కవి. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఏటా లక్ష రూపాయలిచ్చిన దాత. సరిహద్దు గీత ఆ విరాళాన్ని ఆపలేదు. పాఠ్యపుస్తకాలను ఆపింది. బొయిపరిగుడ పిల్ల తెలుగు వాచకం చదివితే దొరికేది సాలం, ఒడియా వాచకంలో శాళ, వీధిలో సర్గి, అమ్మమ్మ నోట గుగ్గిలం చెట్టు, సంతలో ఝుణా. నాలుగు పేర్లు చెట్టువి, చివరిది దాని జిగురుది. ఇవన్నీ ఒక్కటేనని చెప్పే పుస్తకం ఏ బడిలోనూ లేదు. సర్గికీ సంస్కృత సర్జానికీ పోలిక ఉంది గదా అని విద్యార్థులు వెంటనే ముడివేయవద్దు. పోలిక వ్యుత్పత్తి కాదు. జ ఎప్పుడు, ఏ భాషలో గ అయిందో చూపించినవాడిదే ఆ ముడి.

సర్గి ఏడాది ఎలా నడుస్తుందో చెబితే చెట్టు విలువ తెలుస్తుంది. మాఘం దాటాక ఆకు రాలుస్తుంది, కాని చెట్టు పూర్తిగా బోడిగా నిలబడేది అరుదు. కొత్త చిగురుతో పాటే లేత పసుపు పూలు కమ్ముకుంటాయి. ఎండాకాలం చివర ఐదు రెక్కల కాయలు గాలికి గిరగిరా తిరుగుతూ రాలతాయి. గింజకు మొలిచే శక్తి ఒక వారం ఉంటే ఎక్కువ. అందుకని సరిగ్గా తొలకరి ముందు రాలుతుంది. ఆ కొద్ది రోజుల్లోనే ఆడవాళ్ళు ఏరాలి, రెక్కలు కాల్చి, దంచి, పప్పు తీయాలి. నూనె ఒకప్పుడు దీపానికీ వంటకూ; తరువాత చాక్లెట్లలో కోకో వెన్నకు బదులుగా పనికివస్తుందని తెలిసి కంపెనీలకు పోయింది. ఆకుతో కుట్టిన విస్తరి ఇక్కడ ఖలి. మన కోస్తావారు అడ్డాకుతో చేసే పని వీరు సర్గి ఆకుతో చేస్తారు. లేత ఆకులో పొగాకు చుట్టుకుంటారు, పుల్లతో పళ్ళు తోముకుంటారు. తొలకరికి చెట్ల వేళ్ళ దగ్గర నేల పగిలి పుట్టగొడుగు ఉబుకుతుంది, బస్తరువైపు దాన్ని బోడా అంటారు. అది ఆ వేళ్ళతో కలిసి తప్ప బతకదు. దూలానికీ దర్వాజాకూ ఈ కలపకు సాటి తక్కువ. రైలు పట్టాల కింద వేసే స్లీపర్లకు దేశంలో టేకు, దేవదారులతో పాటు ఎక్కువగా పోయినది ఇదే.

జిగురు తీయడం మాత్రం చెట్టుకు క్షేమం కాదు. నడుము ఎత్తున బెరడును పట్టీలుగా చెక్కుతారు. తెల్లగా కారిన జిగురు కొన్నాళ్ళకు గోధుమరంగు గడ్డలవుతుంది. ఏడాదిలో మూడు సార్లు దాకా తీయవచ్చు. జాగ్రత్తగా నాలుగు పట్టీలు చెక్కితే చెట్టు ఓర్చుకుంటుంది. ఆశకొద్దీ చుట్టూ చెక్కితే ఎండిపోతుంది. అందుకే అటవీశాఖవారికి ఈ పని మీద మొదటినుంచీ కోపం. ఆ కోపంలో న్యాయం ఉంది. కాని ఒక ప్రశ్న మిగులుతుంది: స్లీపర్ల కోసం మొదలంటా నరికించినది ఎవరు, ధూపం కోసం చెక్కినందుకు జరిమానా కట్టినది ఎవరు?

చట్టాల్లో ఈ చెట్టు కథ మళ్ళీ పేర్ల కథే. 1882 మద్రాసు అటవీచట్టం వచ్చిన తరువాత అడవిలో ఉన్నవి రెండయ్యాయి: కలప, చిల్లర ఉత్పత్తి. ఆడవాళ్ళు ఏరే ప్రతిదీ రెండవ పద్దులో పడింది. సంస్థానపు అడవులు 1951 ఒరిస్సా ఎస్టేట్ల రద్దు చట్టంతో ప్రభుత్వానివయ్యాయి. 1983లో ఒడిశా ప్రభుత్వం సాలగింజను జాతీయం చేసింది. అంటే ఏరినది ఎవరైనా కొనేది ప్రభుత్వం నియమించినవారే. 2000లో చాలా చిల్లర సరుకుల మీద పెత్తనం గ్రామపంచాయతీలకు వచ్చినా, సాలగింజ ఆ జాబితాలో లేదు. 2006 అటవీ హక్కుల చట్టం మొదటిసారిగా, ఏరుకునేవారికి కలపేతర ఉత్పత్తుల మీద యాజమాన్యపు హక్కును రాతలో ఇచ్చింది. ఆ చట్టం భాషలో కూడా అది చిల్లర ఉత్పత్తే. ఐదు పేర్ల చెట్టు ఆరవ పేరుగా చిల్లర అనిపించుకుంది. వృక్షశాస్త్రం పెట్టిన పేరు మాత్రం తక్కువా? షోరియా రొబస్టా. షోర్ అన్నది 1790లలో గవర్నర్ జనరల్‌గా పనిచేసిన సర్ జాన్ షోర్ పేరు. ఆయన ఆ చెట్టుకు చేసిన ఉపకారం ఏమిటో మాకు కనిపించదు.

ఇక మా విద్యార్థిని అడిగినదానికి వస్తాం. ఏలాను గుగ్గిలం చెట్టని అనువదించవచ్చునా? యెషయా వచనం వరకు చూస్తే ఆమె మాటే సబబు. అక్కడ చెట్టు పేరు కంటె మోడు ముఖ్యం. నరికినా చావని మొదలు అన్న భావం వినేవాడి కంటికి కట్టాలి. సాలవృక్షం మోడు చిగురుకు పెట్టింది పేరు; నరికిన సర్గి అడవి మోడుల నుంచే మళ్ళీ లేచినది బొయిపరిగుడవారికి పోలిక కాదు, దారిపక్క దృశ్యం. మస్తకి అనే మాట ఆ పని చేయదు. హకీము మందు డబ్బా నుంచి చిగురు రాదు.

మేము ఈ మాట ఒప్పుకుని, తరువాతి వారం తరగతిలో మా పొరపాటు చెప్పి, హోషేయ నాలుగవ అధ్యాయం ఇచ్చాం. అక్కడ కూడా ఇదే ఏలా. ప్రవక్త ప్రజలను మందలిస్తున్నాడు: కొండలమీద, నీడ బాగుందని ఈ చెట్ల కింద ధూపం వేస్తున్నారని. తెలుగు ప్రతిలో అక్కడా మస్తకియే. మేము ఊహించనిది అప్పుడు జరిగింది. ఈసారి ఆమె సర్గి అని రాయలేదు. ఎందుకని అడిగితే కొంతసేపు మాట్లాడలేదు. తరువాత, తమ ఊరి పక్క ఠాకురాణి తోపులో ఉన్నవన్నీ సర్గి చెట్లేననీ, ఊరివాళ్ళు పంటకు ముందు అక్కడ ఝుణా పొగ వేస్తారనీ, తమ ఇంట్లోవాళ్ళు అక్కడికి పోకపోయినా పక్కింటివాళ్ళు పోతారనీ చెప్పింది. "సర్గి అని రాస్తే ఆ మాట వాళ్ళకు తగులుతుంది సార్. మస్తకి అంటే ఎవరికీ తగలదు" అంది.

1882లో జర్మనీలోని బ్రెక్లుం నుంచి లూథరన్ మిషనరీలు సాలూరుకూ, కొరాపుటుకూ వచ్చి చేరినప్పటి నుంచి ఈ కొండల్లో ఆ వచనం చదువుతూనే ఉన్నారు. ఏ చెట్టో తెలియని ఒక పేరు ఈ నూట నలభై యేళ్ళలో ఎన్ని పొరుగు ఇళ్ళ నడుమ గొడవ రాకుండా కాచిందో ఎవరు లెక్క వేయగలరు? అనువాదకుడు తెలిసి చేసిన పని కాకపోవచ్చు. మస్తకి అన్నది అనువాదంలో లోపమని ఇన్నేళ్ళూ పాఠం చెప్పిన మాకు, లోపం కూడా ఒక పని చేస్తుందని ఆ రోజు ఒక విద్యార్థిని చెప్పింది.

మూలంలో ఒకే మాట ఉన్నచోట అనువాదంలో ఒకే మాట ఉండాలన్నది మేమే పెట్టిన నియమం. ఆమె యెషయాలో గుగ్గిలం చెట్టు అని రాసింది, హోషేయలో మస్తకి వృక్షం అని రాసింది. నియమం ప్రకారం రెండింటిలో ఒకదానికి మార్కు తీసివేయాలి. ఆ కాగితం మా బల్లమీద ఇంకా దిద్దకుండానే ఉంది.